వింత ఉడుతలు, వాటి వెనుక మన ముచ్చట

క్షీరదాల్లో చాలా వాటిది రాత్రి బతుకు. ఎలుకలు, గబ్బిలాలు, పునుగుపిల్లులు, ముళ్లపందులు చీకటి పడ్డాకే బయటికి వస్తాయి. మనిషి అలికిడి తగిలితే చాలు, మాయమవుతాయి. చెట్టు మీది ఉడుత మాత్రం పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే తన పని తాను చేసుకుపోతుంది. తింటుంది, తరుముతుంది, తోక విదిలించి తిడుతుంది, తలకిందులుగా చెట్టు దిగుతుంది. వెనుక పాదాలను మడమ దగ్గర దాదాపు వెనక్కి తిప్పేయగలదు కాబట్టే ఆ దిగుడు దానికి అంత సులువు. అడవి ప్రాణి దినచర్యను ఇంత తీరిగ్గా చూడనిచ్చేది ఇంకొకటి దొరకడం కష్టం. ఉడుతలంటే జనానికి ఉండే ముద్దులో సగం దీని వల్ల వచ్చిందే. మిగతా సగం అది కూర్చునే తీరుది. వెనుక కాళ్ల మీద నిటారుగా కూర్చుని, గింజను రెండు చేతుల్లో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి కొరికే ప్రాణిని మనిషి తన బాపతు కిందే జమకట్టేస్తాడు.

ఇంత దగ్గరగా ఇన్నిసార్లు చూడటం వల్ల ఉడుత రూపం కంటికి కంఠతా వచ్చేస్తుంది. కంఠతా వచ్చిన పద్యంలో ఒక్క అక్షరం తప్పినా చెవికి గుచ్చుకున్నట్టే, పదింటిలో తేడాగా ఉన్న ఒక్క ఉడుత దగ్గర చూపు ఆగిపోతుంది. అడవిలో నల్ల చిరుతను చూసినవారు చిరుత కనబడినందుకే ఉబ్బిపోతారు, నలుపు దానికి కొసరు. ఉడుత విషయంలో లెక్క తిరగబడుతుంది. ఉడుత కనిపించడం ఎవరికీ వార్త కాదు. అది తెల్లగానో నల్లగానో ఉంటే మాత్రం పక్కవారి భుజం తట్టి మరీ చూపిస్తారు.

అలా చూపించుకున్నాక మనుషులు చేసే పనులే ఇక్కడ అసలు విషయం. వింత ఉడుతను పుట్టించేవి జన్యువులే, అందులో అనుమానం లేదు. అది పదికాలాల పాటు ఒకచోట నిలబడటం, పిల్లలను కనడం, చివరికి ఒక ఊరికి గుర్తుగా మారడం మాత్రం చాలా చోట్ల మనిషి ముచ్చట వల్ల జరిగింది. ముచ్చట అంటే చూసినవారి మనసులో మెదిలి మాయమయ్యేదే కదా అనుకుంటాం. ఉడుతల చరిత్ర తిరగేస్తే ఆ ముచ్చటే వాటి రంగుల పాళ్లను, సంఖ్యలను, ఆఖరికి అవి ఏ ఖండంలో ఉండాలన్న దాన్ని కూడా మార్చేసిందని తెలుస్తుంది.

ముందు రంగు సంగతి. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల్లో విరివిగా కనిపించే బూడిద ఉడుత దూరం నుంచి నిజంగానే బూడిద రంగులో ఉంటుంది. దాని వీపు మీది ఒక్క వెంట్రుకను దగ్గరగా పట్టి చూస్తే ఆ రంగు ఎక్కడా దొరకదు. మొదట్లో ముదురు ఛాయ, ఆ పైన లేత గోధుమ పట్టీ, తర్వాత నలుపు, కొనకు చాలాసార్లు తెలుపు. ఇలా పట్టీలు పట్టీలుగా ఉన్న వెంట్రుకలు వేలకొద్దీ పక్కపక్కన ఒరిగి ఉంటే దూరపు చూపు వాటన్నిటినీ కలిపేసి బూడిద అని తీర్పు చెప్పేస్తుంది. వెంట్రుక పెరిగేటప్పుడు దాని కుదుళ్లలోని కణాలు కొంతసేపు నలుపు, గోధుమ రంగులిచ్చే మెలనిన్‌ను, కొంతసేపు పసుపు, ఎరుపు ఛాయలిచ్చే మెలనిన్‌ను అందిస్తాయి. ఏది ఎప్పుడన్నది తేల్చడంలో ఎంసీ1ఆర్ అనే గ్రాహకానిది, అంటే కణం మీద ఉండి సంకేతాలు అందుకునే ప్రోటీన్‌ది, ముఖ్యమైన పాత్ర.

నల్లగా పుట్టే బూడిద ఉడుతల్లో ఈ గ్రాహకానికి సంబంధించిన జన్యువులో 24 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి లోపించి ఉంటుంది. దాంతో గ్రాహకం ఎప్పుడూ నలుపు వైపే మొగ్గుతుంది, లేత పట్టీకి వంతు రాదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ లోపం సంక్రమిస్తే గోధుమ ఛాయ కలిసిన నలుపు వస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే కాటుక నలుపే. సరిగ్గా అదే ముక్క లోపించిన జన్యువు ఫాక్స్ స్క్విరల్ అనే మరో జాతి ఉడుతల్లోనూ ఉంది. అది ముందు ఆ జాతిలో పుట్టి, రెండు జాతుల మధ్య కలయిక వల్ల బూడిద ఉడుతల్లోకి వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని 2019లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. జత కట్టే కాలంలో ఆడ ఉడుత వెంట మగవి గుంపుగా పరుగు పెడతాయి. ఆ హడావిడిలో పక్క జాతి మగవి కూడా వచ్చి చేరడం కద్దు. అంటే ఇప్పుడు నగరాల్లో ఠీవిగా తిరిగే నల్ల ఉడుతల రంగు, ఎప్పుడో జరిగిన ఒక కులాంతర వివాహపు కట్నం అన్నమాట.

తెల్ల ఉడుతల దారి వేరు, అందులోనూ రెండు దారులున్నాయి. కొన్ని ఆల్బినోలు. వీటి ఒంట్లో మెలనిన్ తయారీయే జరగదు. కంట్లో కూడా రంగు ఉండదు కాబట్టి లోపలి రక్తనాళాల వల్ల కళ్లు గులాబీ రంగులో కనిపిస్తాయి. మరికొన్నిటిది ల్యూసిజం. రంగునిచ్చే కణాలు చర్మంలోకి సరిగా చేరకపోవడం వల్ల బొచ్చు తెల్లబడుతుంది, కళ్లు మాత్రం మామూలు నలుపే. కాబట్టి తెల్ల ఉడుత కనబడితే చూడాల్సింది తోకను కాదు, కళ్లను. ఈ తేడా పేరు పెట్టడానికి పనికొచ్చేది మాత్రమే అనుకుంటే పొరపాటు. మెలనిన్ లేని కన్ను సరిగా ఎదగదు, ఆల్బినోలకు చూపు మందం. దూరాన్ని అంచనా వేయడంలో తడబాటు ఉంటుంది. కొమ్మ నుంచి కొమ్మకు దూకడమే బతుకుగా ఉన్న ప్రాణికి అది చిన్న లోపమేమీ కాదు. దానికి తోడు ఆకుపచ్చని చెట్టు మీద తెల్లని ఒళ్లు ఏ డేగ కంటికైనా ఇట్టే ఆనుతుంది. ఏ విధంగా చూసినా తెల్ల ఉడుత ఎక్కడా వందల సంఖ్యకు చేరకూడదు.

చేరింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఓల్నీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఆల్బినో ఉడుతల సంతతి 20వ శతాబ్దం మొదటి నుంచీ కొనసాగుతోంది. వీధుల్లో వాటికే ముందు దారివ్వాలన్నది అక్కడి నిబంధన. కుక్కలను, పిల్లులను ఊరి మీద వదలడానికి వీల్లేదు. ఏటా శరదృతువులో స్వచ్ఛంద కార్యకర్తలు తిరిగి ఉడుతలను లెక్కపెడతారు. పోలీసుల యూనిఫాం మీది గుర్తులోనూ తెల్ల ఉడుతే ఉంటుంది. దొంగలను బెదరగొట్టడానికి అంత ఉపయోగపడే బొమ్మ కాకపోవచ్చు గానీ, ఊరి వరస ఏమిటో చెప్పడానికి చాలు. నార్త్ కరోలినాలోని బ్రెవర్డ్ పట్టణంలో ఉన్నవి నల్లని కళ్ల తెల్ల ఉడుతలు. వాటి నెత్తి మీద ముదురు మచ్చ, వీపు మీద చార ఉంటాయి. ఫ్లోరిడాలో వినోద ప్రదర్శనల బృందం వాహనం ఒకటి బోల్తా పడితే తప్పించుకున్న ఉడుతల వంశమే తమ ఊరికి చేరిందని అక్కడివారు చెప్పుకునే కథ. 1986లో ఆ పట్టణం తనను ఉడుతల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకుంది. మిస్సోరిలోని మేరియన్‌విల్, టెనెసీలోని కెంటన్, కెనడాలోని ఎక్సెటర్ కూడా తెల్ల ఉడుతల ఊళ్లమని చెప్పుకుంటాయి. అసలు తెల్ల ఉడుతలు మావంటే మావని వాటిలో కొన్నిటి మధ్య సరదా పోటీ కూడా నడుస్తుంటుంది.

ఇన్ని ఊళ్లలోనూ జరిగింది దాదాపు ఒకటే. ఆల్బినో లక్షణం అంతర్గతమైనది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే గానీ తెల్ల పిల్ల పుట్టదు. పెద్ద అడవిలో ఆ జన్యువున్న రెండు ఉడుతలు కలుసుకోవడం అరుదు. ఒక చిన్న పట్టణంలో, కొద్ది ఉడుతలతో మొదలైన సంతతిలో అది తరచూ జరుగుతుంది. పుట్టిన తెల్ల పిల్లకు గింజలు పెట్టేవారు, పిల్లిని అదిలించేవారు, బ్రేకు వేసేవారు ఉన్నారు. ప్రకృతి తీసేయాల్సిన మార్కులను ఊరు కలిపి వేసింది. ఇక్కడ పావురాలనో కుక్కలనో పెంచినట్టు ఎవరూ పనిగట్టుకుని ఉడుతలను పెంచలేదు. అందరూ కలిసి ముచ్చట పడ్డారు, అంతే. ఫలితం మాత్రం పెంపకానికి వచ్చే ఫలితమే.

నల్ల ఉడుతల విషయంలో మనిషి ఏకంగా బండి కట్టి మరీ మోశాడు. వాషింగ్టన్‌లోని జాతీయ జంతు ప్రదర్శనశాల 1902, 1906 సంవత్సరాల్లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన నల్ల ఉడుతలను తన ఆవరణలో వదిలింది. ఇప్పుడు ఆ నగరంలో నల్ల ఉడుత వింతేమీ కాదు. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1961లో కెనడా నుంచి పది నల్ల ఉడుతలను తెచ్చి వదిలారు. అవి పెరిగి పెరిగి చుట్టుపక్కల ఊళ్లకూ పాకాయి, విశ్వవిద్యాలయంలో వాటి పేరు మీద పండుగే మొదలైంది. ఇంగ్లండ్‌లో నల్ల ఉడుత స్వేచ్ఛగా తిరుగుతూ తొలిసారి నమోదైంది 1912లో. జన్యువును చూస్తే అది అమెరికా నల్ల ఉడుతలదే, అదే 24 అక్షరాల లోపం. ఎవరో ధనికుడి సొంత జంతుశాల నుంచి తప్పించుకున్న వాటి సంతానమని అంచనా.

అలాగని నల్ల ఉడుతల విస్తరణంతా మనిషి పుణ్యమే అనుకుంటే వాటి ఘనతను తగ్గించినట్టు. చలికి అవి గట్టివి. మైనస్ 10 డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో నల్ల ఉడుత ఒంటి నుంచి పోయే వేడి బూడిద దానితో పోలిస్తే 18 శాతం తక్కువని 1989లో ప్రచురితమైన ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. ఒంటారియో వంటి ఉత్తరాది ప్రాంతాల్లో అవి ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు. అమెరికాలో పాత మహారణ్యాలు ఉన్న రోజుల్లో, నీడ దట్టంగా పరుచుకున్న ఆ చెట్ల మధ్య నల్ల ఉడుతలు ఇప్పటి కన్నా సామాన్యంగా ఉండేవని పాత రాతల ఆధారంగా చెబుతారు. ఆ అడవులు నరికాక పెరిగిన కొత్త అడవిలో వెలుతురు ఎక్కువ, చెట్ల బెరడు బూడిద రంగు. అక్కడ బూడిద ఉడుతదే పైచేయి, వేటగాడి తుపాకీకి నలుపు తేలిగ్గా చిక్కుతుంది.

నగరంలోకి వచ్చేసరికి ఈ లెక్కలు మళ్లీ మారతాయి. నగరంలో వేట లేదు, డేగలు తక్కువ. ఉన్న పెద్ద ప్రమాదం కారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ప్రాంతంలో పరిశోధకులు రోడ్డు మీద చనిపోయిన ఉడుతలను గమనిస్తే, అక్కడి జనాభాలో నల్లవాటి వాటా ఎంతో, చనిపోయిన వాటిలో వాటి వాటా అంతకన్నా తక్కువగా తేలింది. తారు రోడ్డు మీద బూడిద ఉడుత కలిసిపోతుంది, నల్లది ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది, డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోతుంది అన్నది వారి వివరణ. అడవిలో ప్రాణం తీసిన కొట్టొచ్చినట్టు కనబడే గుణమే రోడ్డు మీద ప్రాణం నిలబెడుతోంది. తెల్లవాటిని కాపాడింది జనం ఇష్టమైతే, నల్లవాటిని కాపాడుతున్నది జనం చూపు. అనేక ఉత్తర అమెరికా నగరాల్లో నల్ల ఉడుతల వాటా చుట్టుపక్కల అడవుల్లో కన్నా ఎక్కువగా ఉండటం తర్వాతి పరిశీలనల్లోనూ కనిపించింది.

చూడటాన్ని పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో న్యూయార్క్ సెంట్రల్ పార్కు చూపించింది. 2018 అక్టోబరులో స్వచ్ఛంద కార్యకర్తలు పార్కును గళ్లుగళ్లుగా విభజించుకుని ఉడుతల జనగణన చేశారు. మొత్తం 3,023 సార్లు ఉడుతలు కనిపించాయి. వాటిలో 2,473 సార్లు బూడిద రంగువి, 392 సార్లు దాల్చినచెక్క రంగువి, 103 సార్లు నల్లవి. మిగిలిన కొన్నిటికి రంగు రాయలేదు. ఇవి కనిపించిన సందర్భాల లెక్కలే, ఒక్కో ఉడుతకు ఒక్కో అంకె కాదు. రంగుతో పాటు ఉడుత పరుగెత్తుతోందా, తింటోందా, ఎవరినైనా తరుముతోందా, ఎలా అరుస్తోంది, తోక ఎలా ఆడిస్తోంది అన్నవీ నమోదు చేశారు. అన్నిటికన్నా ముచ్చటైన గడి మనిషి పట్ల ఉడుత వైఖరి గురించినది: దగ్గరికి వచ్చిందా, పట్టించుకోలేదా, పారిపోయిందా. ఉడుత కూడా మనల్ని చూస్తోందని ఒప్పుకున్న జనగణన ఇది.

నిజానికి ఆ పార్కులో ఉడుతలు ఉండటమే మనిషి ఏర్పాటు. అమెరికా నగరాల నడిబొడ్డున ఉడుతలు 19వ శతాబ్దం మొదట్లో కనిపించేవి కావు. 1847లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో మూడింటిని వదిలి, గూళ్లు కట్టించి, తిండి పెట్టారు. బోస్టన్ లాంటి నగరాలు అదే బాట పట్టాయి. సెంట్రల్ పార్కు వంతు 1870లలో వచ్చింది. ఉడుతలకు గింజలు పెట్టడం పిల్లలకు దయాగుణం నేర్పుతుందని అప్పటి సంస్కర్తల నమ్మకం. పిల్లలకు దయ ఎంత అబ్బిందో గానీ, ఉడుతలకు నగరం బాగా వంటబట్టింది.

ఆ ముచ్చటే సముద్రం దాటాక వికటించింది. ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఒక భూస్వామి 1876లో తన ఉద్యానవనంలో అమెరికా బూడిద ఉడుతలను వదిలాడు. కొత్తగా ఉన్నాయి, చలాకీగా ఉన్నాయి, తోటకు అందం అనుకుని తర్వాత మరికొందరు తెప్పించుకున్నారు. అక్కడి సొంత జాతి ఎర్ర ఉడుత. బూడిదది ఒళ్లు పెద్దది, వెడల్పాటి ఆకుల చెట్లున్న అడవిలో తిండి దొరకబుచ్చుకోవడంలో ఎర్రదాని కన్నా మిన్న. పైగా ఎర్ర ఉడుతల ప్రాణం తీసే ఒక పాక్స్ వైరస్‌ను అది తనకేమీ కాకుండా మోసుకు తిరగగలదు. 1937లో బూడిద ఉడుతల దిగుమతిని, పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఎర్ర ఉడుత కనబడితేనే వింత. సామాన్యమైనది అరుదైపోయి, తెచ్చుకున్న వింత సామాన్యమైపోయింది. ఒంటారియో నుంచి తెచ్చిన ఉడుత వాషింగ్టన్‌లో బంధువుల మధ్య పడింది, చెషైర్‌లో వదిలిన ఉడుత పరాయి జాతి ఇంట్లో పడింది. రెండు కథలకూ తేడా అక్కడే ఉంది. వదిలినవారి మనసులో తేడా ఏమీ లేదు.

వింత అనేది చూసేవారు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. భారత ద్వీపకల్పపు అడవుల్లోని పెద్ద ఉడుత తోకతో కలిపి మీటరు దాకా పొడవుంటుంది, ఆరు మీటర్ల దూరం దూకగలదు. ముదురు ఎరుపు, నలుపు, మీగడ రంగులు దాని ఒంటి మీద పంచుకున్నట్టు ఉంటాయి. ఈ ఉడుత ఫోటోలు ఇంటర్నెట్‌లో తిరిగినప్పుడల్లా కంప్యూటర్‌లో రంగులద్దారని ఎవరో ఒకరు అనుమానిస్తారు. అది ఉండే అడవి పక్కన పుట్టి పెరిగినవారికి అందులో ఆశ్చర్యమేమీ లేదు. గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరపు ఒడ్డున కైబాబ్ ఉడుత ఉంటుంది, నల్లని పొట్ట, తెల్లని తోక. దక్షిణపు ఒడ్డున దాని దగ్గరి చుట్టం ఏబర్ట్ ఉడుతది తెల్లని పొట్ట, బూడిద తోక. మధ్యలో ఒక లోయ అడ్డుపడి రాకపోకలు తెగిపోవడంతో రెండూ వేరు వేషాలు కట్టాయి. ఒడ్డు మారితే ఏది వింతో అదీ మారుతుంది.

మన కంటికి అందని వింతలూ ఉన్నాయి. విస్కాన్సిన్ అడవిలో రాత్రిపూట అతినీలలోహిత టార్చితో లైకెన్లను (బెరడు మీద, రాళ్ల మీద నాచులా పెరిగే జీవాలను) వెతుకుతున్న ఒక ఆచార్యుడికి దారిలో గులాబీ రంగులో మెరుస్తూ ఎగిరే ఉడుత ఒకటి తారసపడింది. ఆ తర్వాత మ్యూజియం అరల్లో భద్రపరిచిన చర్మాలను కూడా అదే వెలుగులో పరీక్షిస్తే, ఉత్తర అమెరికా ఎగిరే ఉడుతల బొచ్చు గులాబీ కాంతిని వెదజల్లడం మామూలేనని తేలింది. 2019లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరి ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా అంటే, ఆ టార్చితో చూడలేదు. ఫాక్స్ స్క్విరల్ సంగతి ఇంకా చిత్రం. దాని ఎముకల్లో, పళ్లలో పోర్ఫిరిన్ అనే పదార్థం పేరుకోవడం వల్ల అవి అదే కాంతిలో ఎర్రగా వెలుగుతాయి. మనుషుల్లో అయితే అలా పేరుకోవడం ఒక తీవ్రమైన జబ్బు. ఆ ఉడుతలకు అది పుట్టుకతో వచ్చే గుణం, వాటికి దానివల్ల ఇబ్బందే లేదు.

ఇక వింతల్లో నకిలీలు ఉండనే ఉంటాయి. బొచ్చు ఊడి, చర్మం తేలి, ఏదో కొత్త ప్రాణిలా కనిపించే ఉడుతలు చాలావరకు పురుగుల వల్ల వచ్చే గజ్జితో బాధపడుతున్నవే. తోక కొస లేనివి ఎవరి పంజా నుంచో తప్పించుకున్నవి. బొచ్చు మారే రోజుల్లో ఒంటి మీద అడ్డంగా గీత గీసినట్టు రెండు రంగులు కనిపించడమూ ఉంది. పాతది రాలుతూ, కొత్తది వస్తూ ఉండగా ఏర్పడే హద్దు అది, వారాల్లో సర్దుకుంటుంది. అన్నిటికన్నా పేరుపడ్డది 2012 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియాలో బోనులో చిక్కిన ఊదా రంగు ఉడుత. ఉద్యోగాలకు మనుషులను వెతికిపెట్టే సంస్థలవారు అన్ని అర్హతలూ కలిసిన, లోకంలో దొరకని అభ్యర్థిని ఊదా ఉడుత అని పిలుచుకునే అలవాటు అంతకు ముందే ఉంది, దాంతో ఆ ఫోటోకు మామూలు కన్నా ఎక్కువ గిరాకీ వచ్చింది. ఆ రంగు ఎలా అంటిందో తేలకుండానే ఉడుతను వదిలేశారు. ఉడుతల దగ్గరున్నవి రెండు రకాల మెలనిన్లే. వాటిని ఏ పాళ్లలో కలిపినా ఊదా రాదు, కాబట్టి అది బయటి నుంచి అంటిన రంగే అయి ఉండాలి. అలాంటి మరక ఒంటి మీద ఎన్నాళ్లో నిలవదు, బూడిద ఉడుత ఒంటి బొచ్చును ఏడాదికి రెండుసార్లు మార్చుకుంటుంది. తోక బొచ్చు మారేది మాత్రం ఏడాదికి ఒక్కసారే.